ఎండలో ఉరికితే కిడ్నీలు ఖరాబైతయా? ఎండాకాలం ప్రాక్టీసు చేసే పద్ధతి

"అన్నా, ఎండలో ఉరికితే కిడ్నీలు ఖరాబైతయంట, నిజమేనా?" శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి ఏటా ఈ ప్రశ్న మొదలవుతుంది. నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో, మహబూబ్‌నగర్ స్టేడియంలో రౌండ్లు కొట్టే పోలీసు అభ్యర్థులు అడుగుతారు. దేవరకొండ, కొల్లాపూర్, మిర్యాలగూడ వైపు ఆర్మీకి తయారవుతున్న పిల్లలు అడుగుతారు. ఈ మధ్య వాళ్ల అమ్మానాన్నలు కూడా అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీని ఎండ ఒక్కటే పాడు చేయడం అరుదు. ఒకపూట నీళ్లు తగ్గినా అది తట్టుకుంటుంది. మండే ఎండ, నీళ్లు తగ్గిన ఒళ్లు, అలవాటు లేని కష్టం, పైనుంచి ఒక నొప్పి గోలి. ఈ నాలుగూ ఒకే రోజున కలిస్తే మాత్రం ఇరవై ఏళ్ల పిల్లగాడు కూడా డయాలసిస్ దాకా పోవచ్చు. కింద చెప్పేదంతా ఈ నాలుగింటినీ ఒకచోట చేరనీయకుండా చూసుకునే పద్ధతే.

లోపల ఏం జరుగుతుంది

ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో ఐదో వంతు, నిమిషానికి దాదాపు లీటరు, కిడ్నీలకే పోతుంది. ఎండలో ఉరికేటప్పుడు కాళ్ల కండరాలు ఎక్కువ రక్తం అడుగుతాయి. ఒంటి వేడిని బయటికి పంపడానికి చర్మమూ అడుగుతుంది. సాగర్ ఎడమ కాల్వ మీద పైవాళ్లు తూములు ఎత్తుకుంటే చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టే, అప్పుడు కిడ్నీల వాటా బాగా పడిపోతుంది. చెమట పోయి రక్తంలో నీళ్లు తగ్గినకొద్దీ ఇంకా పడిపోతుంది.

కొద్దిసేపైతే పరవాలేదు. మారథాన్ పూర్తి చేసినవాళ్లకు రక్తపరీక్ష చేస్తే చాలామందిలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగి ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో మామూలుకు వస్తుంది. ఇబ్బంది అదే దెబ్బ రోజూ తగిలినప్పుడు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరుకు కోత కూలీల్లో షుగరూ బీపీ లేని యువకులకే కిడ్నీలు పోయాయి. దానికి కారణాలు ఇంకా వెతుకుతూనే ఉన్నారు గానీ, ఎండలో విరామం లేని కష్టం అందులో ముఖ్యమైనదని పరిశోధకులు గుర్తించారు. అక్కడ నీళ్లు, విశ్రాంతి, నీడ పద్ధతిగా ఏర్పాటు చేసిన తోటల్లో కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. మన గ్రౌండులోనూ పనికొచ్చేది ఆ మూడే.

ముందే డాక్టరును అడగాల్సినవాళ్లు

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, రాళ్లు వచ్చినవాళ్లు, గతంలో వడదెబ్బ తగిలినవాళ్లు, బీపీకో షుగరుకో గుండెకో మందులు వాడేవాళ్లు. కొన్ని బీపీ గోలీలు, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే గోలీలు, కొన్ని షుగరు గోలీలు ఒంట్లో నీళ్లు తగ్గిన రోజున కిడ్నీ మీద భారం పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు ఆపొద్దు. "ఎండాకాలం పొద్దున గంట సేపు నడుస్తున్నాను. వాంతులు, విరేచనాలు అయిన రోజున ఈ గోలి వేసుకోవాలా వద్దా?" అని ఇదే మాట మీ డాక్టరును అడిగి, చీటీ మీద రాయించుకోండి.

కావలసినవి

100 గ్రాముల తేడా చూపే డిజిటల్ బరువు మిషన్. గ్రౌండు బ్యాచికి ఒకటి చాలు, తలా కొంత వేసుకుని కొనుక్కోవచ్చు. కొలత తెలిసిన లీటరు సీసాలు రెండు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు. నెత్తికి టోపీ, మెడకు తడిపి వేసుకునే తువ్వాల. ఒక చిన్న నోటుబుక్కు.

ఖరీదైన వాచీలు, డబ్బాల్లో వచ్చే పౌడర్లు ఈ జాబితాలో లేవు. వాటి అవసరం లేదు.

1. టైం మార్చండి

తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర వరకు. మే నెలలో మన దగ్గర అయిదుమ్ముప్పావుకల్లా పొద్దు పొడుస్తుంది, ఏడు దాటితే ఎండ కాలుస్తుంది. గట్టిగా ఉరికే పని ముందు పెట్టుకుని, సాగదీసే కసరత్తులు చివర్లో నీడలో చేసుకోండి.

సాయంత్రమే వీలైతే ఆరున్నర తర్వాత రండి. చాలామంది ఐదింటికి ఎండ వాలిందని దిగుతారు. కానీ గుట్టలు, బండలు, సిమెంటు, తారు పగలంతా మింగిన వేడిని అప్పుడే కక్కుతుంటాయి. నల్గొండలో 43, 44 డిగ్రీలు తగిలిన రోజున ఐదు గంటల గాలి కూడా 40 దగ్గరే ఉంటుంది. మట్టి గ్రౌండు, చెట్లున్న బాట దొరికితే రోడ్డు వదిలేయండి.

"పరీక్ష ఎండలో పెడితే? అలవాటు కావాలి కదా" అని అడుగుతారు. 2022 నోటిఫికేషన్ కానిస్టేబుల్, ఎస్సై ఈవెంట్స్ డిసెంబరులో మొదలయ్యాయి. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. ఆ టైం కొట్టడానికి కావలసిన దమ్ము పొద్దున చల్లటి పూట చేసిన ప్రాక్టీసుతోనే వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఉరికితే వేగం తగ్గుతుంది, పరుగూ సగంలో ఆగుతుంది. అంటే ఆ ప్రాక్టీసు కూడా నష్టమే.

2. ఒంటికి రెండు వారాలు ఇవ్వండి

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. కిడ్నీకి ఇంతకన్నా మంచి రక్షణ లేదు.

మొదటి రెండు రోజులు 15, 20 నిమిషాలు, మాట్లాడుతూ ఉరకగలిగే వేగంలో. తర్వాత రోజుకు ఐదేసి నిమిషాలు పెంచుకోండి. వేగం పెంచే పని రెండో వారంలోనే. ముందు దూరం, తర్వాత వేగం. రెండూ ఒకే రోజు పెంచొద్దు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు: హైదరాబాద్‌లో కోచింగ్ గదిలో ఏసీ కిందనో, ఫ్యాను కిందనో మూడు నెలలు చదివి, నోటిఫికేషన్ రాగానే ఊరికి వచ్చి తెల్లారే ఐదు కిలోమీటర్లు ఉరకడం. పాత అలవాటు రెండు మూడు వారాల గ్యాపులోనే చాలావరకు పోతుంది. నిరుడు బాగా ఉరికేవాడినన్న లెక్క ఈ ఏడు పనికిరాదు. జ్వరం వచ్చి లేచినవాళ్లు కూడా మళ్లీ మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి.

జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజున, అవి తగ్గిన మర్నాడు కూడా, ఉరకొద్దు. దీనికి మినహాయింపు లేదు.

3. గ్రౌండుకు పోయే ముందు

నీళ్ల పని ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది. రాత్రి అన్నంలో సల్లో, చారో ఉండనివ్వండి. పొద్దున లేవగానే రెండు గ్లాసుల నీళ్లు తాగి అర్ధగంట ఆగండి. ఒకేసారి లీటరు పోసుకుంటే ఉరికేటప్పుడు కడుపులో కుదుపు తప్ప లాభం లేదు.

తర్వాత మూత్రం రంగు చూడండి. పలచని నిమ్మరసం రంగు ఉంటే బయలుదేరండి. ఆవనూనె రంగులో చిక్కగా, కొద్దిగా వస్తే ఇంకో రెండు గ్లాసులు తాగి, ఆ రోజు తేలికగా ఉరికి రండి. బీకాంప్లెక్స్ గోలి వేసుకుంటే మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, బీట్‌రూట్ తింటే ఎర్రగా రావచ్చు. వాటిని చూసి భయపడొద్దు.

ఆడపిల్లలకు ఒక మాట. గ్రౌండులో బాత్రూం లేదని చాలామంది పొద్దున నీళ్లే ముట్టరు. ఆ కష్టం నాకు తెలుసు, అందులో మీ తప్పు లేదు. కానీ నీళ్లు తాగకుండా ఉరకడం కిడ్నీకీ మంచిది కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్లకు కూడా దారి. గంటన్నర ముందే లేచి తాగితే బయలుదేరే లోపు ఇంట్లోనే పని అయిపోతుంది. గ్రౌండులో గుక్కెడు గుక్కెడు తాగండి, ఇంటికి రాగానే లోటు తీర్చండి. బాత్రూం తాళం తీయించమని నిర్వాహకులను అడగడం మీ హక్కు. బ్యాచి అంతా కలిసి అడగండి.

రోజా ఉన్నవాళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లు ఉరుకుడు సాయంత్రం ఉపవాసం విడిచి, నీళ్లు తాగి, కాసేపు ఆగిన తర్వాతే పెట్టుకోండి. సహర్‌కు ముందు కూడా చేయవచ్చు గానీ తేలికగా.

4. మీ చెమట ఎంతో కొలవండి

ఎన్ని నీళ్లు తాగాలని అందరూ అడుగుతారు. అందరికీ ఒకే లెక్క లేదు. గంట పరుగులో ఒకరికి ముప్పావు లీటరు చెమట పోతే పక్కవాడికి రెండు లీటర్లు పోవచ్చు. మీ లెక్క మీరే తీయాలి. వారానికి ఒకసారి ఇలా చేయండి.

మూత్రానికి పోయి వచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసి రాసుకోండి. ఉరకండి. మధ్యలో తాగిన నీళ్లు సీసా గీతతో లెక్కపెట్టండి. అయిపోగానే చెమట తుడుచుకుని, తడిసిన బనియన్ విప్పేసి, మళ్లీ బరువు చూడండి. తడి బట్టలతో తూగితే లెక్క తప్పుతుంది. ఒక బనియన్ పావు కిలో దాకా చెమట పట్టుకుంటుంది.

ఒక ఉదాహరణ. ఉరికే ముందు 62.4 కిలోలు. మధ్యలో తాగింది 400 మి.లీ. ఉరికాక 61.2 కిలోలు. తగ్గింది 1.2 కిలోలు, అంటే 1.2 లీటర్లు. దానికి తాగిన 400 మి.లీ. కలిపితే చెమట 1.6 లీటర్లు. మధ్యలో మూత్రానికి పోతే ఆ మేరకు తగ్గించుకోండి.

ఇప్పుడు చూడాల్సింది ఒక్కటి: తగ్గిన బరువు మొదటి బరువులో రెండు శాతం దాటొద్దు. 62 కిలోల మనిషికి రెండు శాతమంటే కిలోంబావు. పై ఉదాహరణలోని మనిషి అంచు మీద ఉన్నాడు. రేపటి నుంచి అతను పరుగు మధ్యలో ఇంకో 300, 400 మి.లీ. తాగాలి.

ఉరికాక తాగాల్సింది తగ్గిన బరువుకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు. 1.2 కిలోలు తగ్గితే లీటరున్నర నుంచి 1.8 లీటర్లు, మూడు నాలుగు గంటల్లో కొద్దికొద్దిగా, టిఫినుతో కలిపి. ఎక్కువ ఎందుకంటే తాగినదంతా ఒంట్లో నిలవదు, కొంత మూత్రంలో పోతుంది.

మరి బరువు పెరిగితే? ఉరికి వచ్చాక ముందుకన్నా 300, 400 గ్రాములు ఎక్కువ తూగితే నీళ్లు అతిగా తాగారని అర్థం. ఇదీ ప్రమాదమే. కిడ్నీ గంటకు బయటికి పంపగలిగే నీళ్లకు హద్దు ఉంది, దాదాపు లీటరు లోపే. వట్టి నీళ్లు అంతకు మించి పోస్తూ పోతే రక్తంలో సోడియం, అంటే ఉప్పు భాగం, పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బడం, మాట తడబడటం వస్తాయి. అది వడదెబ్బలాగే కనిపిస్తుంది. దాన్ని చూసి ఇంకా నీళ్లు పోస్తే ఫిట్స్ కూడా వస్తాయి. "ఎంత తాగితే అంత మంచిది" అన్న మాటను అందుకే నేను ఒప్పుకోను.

మిషన్ దొరకనివాళ్లు ఈ గుర్తులు చూడండి: దాహం తీరిందా, రెండు మూడు గంటల్లో మూత్రం వచ్చిందా, దాని రంగు పలచబడిందా. మూడింటికీ అవునంటే సరిపోయినట్టే.

5. ఏం తాగాలి

అర్ధగంట, ముప్పావుగంట పరుగుకు మంచినీళ్లే చాలు. గంట దాటితే, బనియన్ మీద తెల్లటి ఉప్పు చారలు పడుతుంటే, ఉప్పు కూడా పోవాలి.

మన ఇళ్లలో ఉన్నవే అన్నిటికన్నా మంచివి. ఉప్పేసిన పలచటి సల్ల, జొన్న అంబలి, గంజి. నకిరేకల్ వైపు నిమ్మకాయలకు కరువు లేదు. లీటరు నీళ్లకు ఒకటి రెండు కాయలు, అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర. స్పూను గోపురంలా కాకుండా గీసినట్టు సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే మంచిది కాదు, కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

ఓఆర్ఎస్ కొంటే ప్యాకెట్ వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. 20.5 గ్రాముల పొడి లీటరు నీళ్లకు. సగం ప్యాకెట్ గ్లాసులో చిక్కగా కలుపుకుని తాగడం తప్పు, అది దాహం పెంచుతుంది. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే జ్యూసుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అవి ఓఆర్ఎస్ కావు.

కూల్‌డ్రింకు విషయంలో గట్టిగా చెబుతాను. వేడిలో కష్టం చేస్తూ నీళ్ల బదులు కూల్‌డ్రింకు తాగినవాళ్లలో కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు నీళ్లు తాగినవాళ్లకన్నా ఎక్కువ కనిపించాయని ప్రయోగాల్లో తేలింది. అందులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర మీదే పరిశోధకుల అనుమానం. గ్రౌండు గేటు దగ్గరి సోడాబండి మీద నిమ్మ ఉప్పు సోడా తాగండి, కోలా వద్దు.

కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయిన ఉప్పును అవి పూర్తిగా తీర్చవు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తాగొద్దు. పుచ్చకాయ, ముంజలు, బత్తాయిలు హాయిగా తినండి. పులిసిన కల్లు చలువ చేస్తుందని, బీరు రాళ్లను కరిగిస్తుందని నమ్మి ఉరికి వచ్చాక తాగేవాళ్లున్నారు. వాటిలోని సారా మూత్రం ఎక్కువ చేసి ఉన్న నీళ్లనే తీసేస్తుంది. రాయి బీరుకు కరగదు.

మన ప్రాంతంలో ముఖ్యంగా పాటించాల్సిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రాక్టీసు చేసేవాళ్లు రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతారు. అదే నీళ్లు, కానీ ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ రెట్టింపు. దాన్ని బయటికి పంపాల్సింది కూడా కిడ్నీయే. పొలం దగ్గర మోటారు కింద దోసిలి పట్టడం మానేసి, ఇంటి నుంచి మిషన్ భగీరథ నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో సీసాలో పట్టుకుపోండి. ఫ్లోరైడ్ కాగబెడితే పోదు.

6. నొప్పి గోలి: ఈ ఒక్కటి మానినా సగం గండం గడిచినట్టే

ఉరికే ముందు పిక్కల నొప్పికి ఒక గోలి, సాయంత్రం ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్. ఈ అలవాటు గ్రౌండుల్లో మామూలైపోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ అన్నీ ఒకే జాతి. నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్ కూడా ఆ జాతిదే.

ఒంట్లో నీళ్లు తగ్గి రక్తం తక్కువ వస్తున్నప్పుడు కిడ్నీ తన నాళాలను తానే తెరిచి పట్టుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థంతో ఆ పని జరుగుతుంది. ఈ గోలీలు ఆపేది సరిగ్గా దాన్నే. చల్లటి గదిలో పడుకున్నవాడికి ఏమీ చేయని గోలి, ఎండలో రెండు లీటర్ల చెమట పోయినవాడి కిడ్నీని ఒక్క పూటలో దెబ్బతీయవచ్చు.

పద్ధతి ఇది. ఉరికే రోజున, ఉరికే ముందు, మధ్యలో, తర్వాత ఈ గోలీలు వద్దు. నొప్పికి ఐసుగడ్డ గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి, ఆ రోజు పరుగు మానండి. తప్పదనుకుంటే పారాసిటమాల్ ఒక్కటే, స్ట్రిప్పు మీద రాసిన మోతాదు దాటకుండా. కొనేటప్పుడు స్ట్రిప్పు వెనక చదవండి, పారాసిటమాల్ పేరుతో డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో కలిపి ఇస్తుంటారు. ఉరకడానికి గోలి కావాల్సి వస్తోందంటే ఆ కాలికి కావలసింది విశ్రాంతి.

బరువు తగ్గాలని ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని ఉరకడం, మూత్రం గోలీలు మింగడం కూడా ఈ కోవలోనివే. అలా తగ్గేది నీళ్లు మాత్రమే.

7. మొదటి రోజే గుంజీలు వద్దు

కొత్తగా చేరినవాళ్లతో వందల గుంజీలు, కప్పగంతులు, బాతు నడక చేయించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అలవాటు లేని తొడ కండరాలు ఇలా ఒకేసారి నలిగితే కండ కణాలు పగిలి, మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. అది కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడుతుంది. నీళ్లు తగ్గిన ఒంట్లో ఇంకా గట్టిగా అడ్డుపడుతుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. దమ్మున్న పిల్లలే దీనికి ఎక్కువగా దొరుకుతారు, ఎందుకంటే వాళ్లు ఆపరు.

మొదటి వారం గుంజీలు పదేసి చొప్పున రెండు మూడు విడతలు చాలు. ట్రెయినర్లకు నా విన్నపం: శిక్షగా గుంజీలు పెట్టకండి, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ దాకా.

మామూలు ఒళ్లునొప్పికి, దీనికి తేడా ఇలా పట్టుకోండి. మామూలు నొప్పి రెండో రోజు ఎక్కువై, నడుస్తుంటే సర్దుకుంటుంది. ఇందులో తొడలు ఉబ్బి రాయిలా గట్టిపడతాయి, మెట్లు దిగలేరు, కుర్చీలోంచి లేవలేరు, మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. మూత్రం అలా వస్తే ఇంట్లో నీళ్లు తాగుతూ చూద్దామని కూర్చోవద్దు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. సెలైన్ ముందు ఎక్కిస్తే కిడ్నీ నిలబడుతుంది, రెండు రోజులు ఆగితే డయాలసిస్ కావాల్సి రావచ్చు. మూత్రం రంగు మామూలుగా ఉన్నా తొడలు అలా ఉబ్బితే చూపించుకోవాల్సిందే.

8. టెస్టులు: ఎప్పుడు, ఎలా చదవాలి

ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు ఒకసారి సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తారు. తర్వాత ఏ అనుమానం వచ్చినా పోల్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

గట్టిగా ఉరికిన తర్వాత రెండు రోజులు ఆగి పరీక్షకు పోండి. ముందు రాత్రి మటన్ బాగా తిన్నా, క్రియాటిన్ పౌడరు వాడుతున్నా క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఉరికిన రోజు మూత్రంలో ప్రోటీన్ ఒకటి రెండు ప్లస్సులు కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత పోతే భయం లేదు, అప్పటికీ ఉంటే డాక్టరుకు చూపించాలి.

రిపోర్టు చదవడంలో జరిగే పెద్ద పొరపాటు చెబుతాను. క్రియాటినిన్ 1.3 అని వస్తుంది. పక్కన నార్మల్ 0.7 నుంచి 1.3 అని ఉంటుంది. అంకె లావు అక్షరాల్లో లేదు కాబట్టి బాగుందనుకుంటారు. కానీ మీ పాత రిపోర్టులో 0.9 ఉంటే? 48 గంటల్లో 0.3 పెరిగినా కిడ్నీకి అప్పటికప్పుడు దెబ్బ తగిలినట్టేనని డాక్టర్లు లెక్కిస్తారు. నార్మల్ గీత కన్నా మీ పాత అంకె ముఖ్యం. రెండుసార్లూ ఒకే ల్యాబులో చేయిస్తే పోలిక సరిగ్గా ఉంటుంది.

ముదురు రంగు మూత్రంతో పోయినప్పుడు సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), పొటాషియం పరీక్షలు కూడా కావాలా అని మీరే అడగండి. మూత్రం స్ట్రిప్పులో రక్తం ఉన్నట్టు చూపించి, మైక్రోస్కోపులో ఎర్రకణాలు కనిపించకపోతే, అది కండలోంచి వచ్చిన మయోగ్లోబిన్ అయ్యే అవకాశం ఎక్కువ. "రెండు రోజుల కింద ఐదొందల గుంజీలు తీసిన" అన్న మాట మీరు చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు.

9. ఎవరైనా పడిపోతే

ఎండలో ఉరికేవాడు తడబడినా, అర్థం లేకుండా మాట్లాడినా, సోయి తప్పినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పోస్తున్నా సరే, ఉరికేవాళ్లలో చెమట ఉండగానే వడదెబ్బ వస్తుంది. ఒకరు 108కి ఫోన్ చేయండి. మిగతావాళ్లు అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా అక్కడే చల్లబరచండి: నీడలోకి లాగి, షూలు, చొక్కా విప్పి, తలనుంచి కాళ్లదాకా నీళ్లు పోస్తూ విసరండి. ఐసు దొరికితే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. దగ్గర్లో నీళ్ల తొట్టి ఉంటే మెడదాకా అందులో కూర్చోబెట్టి, తల నీళ్లలో మునగకుండా ఇద్దరు పట్టుకోండి. సోయి లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు, ఇవ్వొద్దు.

అతను తేరుకున్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి. వడదెబ్బ తర్వాత కిడ్నీ, లివరు దెబ్బతిన్న సంగతి మర్నాడో, మూడోనాడో బయటపడుతుంది.

పనే ఎండలో ఉన్నవాళ్లకు

ఉపాధి హామీ మట్టి పనికి, పత్తి చేలకు, ఇటుక బట్టీలకు పోయేవాళ్లకు, పాలమూరు నుంచి వలస పోయి కట్టడాల మీద పనిచేసేవాళ్లకు టైం మార్చుకునే వీలు తక్కువ. వాళ్లకు లెక్క ఇలా పెట్టుకోండి: ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, గంటకు 1.4 లీటర్లు దాటకుండా. గంటకోసారి నీడలో పది నిమిషాలు. మధ్యాహ్నం సద్దిలో ఉప్పు, పచ్చడి, సల్ల ఉండాలి. కొత్తగా పనిలో దిగినవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి రోజూ కొంచెం పెంచాలి. మేస్త్రీలు ఈ ఒక్కటి పాటించినా చాలామంది గట్టెక్కుతారు, ఎందుకంటే ఎండకు పడిపోయేవాళ్లలో ఎక్కువమంది మొదటి కొద్ది రోజుల్లోనే పడిపోతారు. రాత్రి ఒళ్లునొప్పులకు గోలి మింగి పడుకోవడం వీళ్లలోనే ఎక్కువ. ఆరో మెట్టు వాళ్లకు చదివి వినిపించండి.

అదే రోజు ఆసుపత్రికి పోవాల్సిన గుర్తులు

నీళ్లు తాగినా ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం. డికాషన్, కోలా, లేదా నెత్తురు రంగులో మూత్రం. ముఖం, పాదాలు ఉబ్బడం. ఆగని వాంతులు. నడుము పక్క నుంచి గజ్జలోకి మెలిపెట్టే నొప్పి, ఇది ఎక్కువగా రాయి. మగతగా, అయోమయంగా ఉండటం.

మళ్లీ ఎప్పుడు ఉరకాలి

ఒట్టి డీహైడ్రేషనైతే బరువు, మూత్రం రంగు మామూలుకు వచ్చాక ఒకరోజు ఆగి తేలికగా మొదలుపెట్టవచ్చు. డికాషన్ రంగు మూత్రం వచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్లు క్రియాటినిన్, సీపీకే రెండూ దిగి డాక్టరు సరేననేదాకా ఆగాలి. తర్వాత మొదటి వారం నడక, రెండో వారం నెమ్మది పరుగు, గుంజీలు అన్నిటికన్నా చివర. ఆ తర్వాత మూడు నెలలకు ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చేయించుకుని మొదటి రిపోర్టు పక్కన పెట్టి చూడండి. నోటిఫికేషన్ డేటు దగ్గర పడిందని ఈ వారాలు కుదించమని నన్ను అడుగుతుంటారు. అవి కుదరవు.